మా అత్త, సగం భాయ్, మూడు పాయింట్ ఎనిమిది

ఆ రోజుల్లో మా మేనత్త ఇంట్లో సగం నిండిన పాత్ర ఒక్కటంటే ఒక్కటి కనిపించేది కాదు. కడపలో ఎండాకాలం వచ్చిందంటే కొళాయి నీళ్లు రోజు మార్చి రోజు వచ్చేవి, ఒక్కోసారి ఆ రోజు కూడా మరిచిపోయేవి. అందుకని నీళ్లొచ్చిన పూట బిందెలు, డ్రమ్ములు, గంగాళాలు అయ్యాక అత్త చెంబుల మీద పడేది. చెంబులయ్యాక గ్లాసులు, గ్లాసులయ్యాక పప్పుగిన్నె మూత. (ఆ మూతలో పట్టే నీళ్లు ఒక పిచ్చుకకు సరిపోతాయేమో. "పిచ్చుకకు మాత్రం దప్పిక గాదా?" అనేది అత్త.) బియ్యం డబ్బా, ఉప్పు జాడీ, దేవుడి దగ్గర నూనె గిన్నె, అన్నీ అంచు దాకా ఉండాల్సిందే. నీళ్లు దొరకని సీమలో పుట్టినవాళ్లకు ఎక్కడ వెలితి కనబడినా చేతులు ఊరుకోవు. నేనూ డోన్‌లో పుట్టినదాన్నే కాబట్టి ఆమెను వెక్కిరించే అర్హత నాకు లేదు. అయినా ఒక ఎండాకాలమంతా అత్తకూ నాకూ సగం దగ్గరే పేచీ నడిచింది. అదీ నీళ్ల దగ్గర కాదు, రిమోట్ కారు బ్యాటరీల దగ్గర.

డిప్లొమా చేతికి రాగానే కడపలో ఒక బండల ఫ్యాక్టరీలో నాకు ఉద్యోగం దొరికింది. నల్లబండలు కోసి, నునుపు పట్టి, లారీలకెక్కించే చోటు. వంటగట్టుకు ఏ కొలత, మెట్లకు ఏ కొలత అని కంప్యూటర్లో బొమ్మలు గీయడం నా పని, అందుకని అక్కడందరూ నన్ను డ్రాయింగమ్మ అనేవాళ్లు. ఉండడం అత్త ఇంట్లో. మామ లారీతో ఎప్పుడూ దారిలోనే ఉండేవాడు గనుక ఇంట్లో మేమిద్దరమే. ఆదివారం ఫ్యాక్టరీకి సెలవు. బండలు దొంతర్లుగా నిలబెట్టిన ఆ ఖాళీ ఆవరణలో ఆదివారం పొద్దున రిమోట్ కారు పందేలు జరిగేవి. పిల్లలాడుకునే బొమ్మ కార్లనుకునేరు. మూరెడు పొడవు, జానెడు టైర్లు, మీట నొక్కితే దుమ్ము లేపుకుంటూ ఆటోను కూడా దాటిపోయే సరుకు. మొదటిసారి చూసిన రోజు నేను ఆఫీసులో మరిచిపోయిన గొడుగు కోసం వెళ్లాను. గొడుగు తెచ్చుకోవడం మళ్లీ మరిచిపోయాను.

నేనా రోజు చూసిన కారును తయారు చేసింది ఆటో స్టాండు దగ్గర సెల్‌ఫోన్లు బాగుచేసే ఒక భాయ్. చక్రాలొక చోట, మోటారొక చోట తెప్పించి తన చేత్తో బిగించుకున్నాడు. అందరూ ఆయన్ను సగం భాయ్ అనేవాళ్లు. కారణం ఆయన చెప్పే పాఠం. ఎవరు దొరికినా చెప్పేవాడు: "ఇది లిథియం బ్యాటరీ. లోపల మూడు గదులుంటాయి. నిండా నింపితే గదికి నాలుగు పాయింట్ రెండు వోల్టులు. దాచిపెట్టేటప్పుడు మూడు పాయింట్ ఎనిమిది, అంటే సగం. నిండా దాస్తే ఉబ్బుతాది, ఖాళీగా దాస్తే చస్తాది. సగముంటేనే సుఖంగా నిద్రపోతాది." హోటల్లో ఆయన వన్ బై టూ చాయ్ అడిగినా అది కూడా పాఠంలో భాగమేననుకునేవాళ్లం.

ఆ ఏడాది కర్నూలు వాళ్లతో పందెం కుదిరింది. ఎండలు తగ్గి తొలి చినుకు పడ్డాక, ఒక ఆదివారం, మా బండల ఆవరణలోనే. మా తరఫున దిగేది భాయ్ కారు ఒక్కటే, కాబట్టి రిమోట్ పట్టుకునే మనిషీ ఒక్కరే. ఆ రిమోట్ నాకు కావాలి. నా జీవితంలో అప్పటిదాకా అంతగా కావాలనుకున్నది ఇంకోటి లేదు (ఉద్యోగం కూడా ఇంతగా కోరుకోలేదు, అది మా నాన్న కోరుకున్నాడు). కానీ అదే రిమోట్ మా ఫ్యాక్టరీలో బండలు కోసే యంత్రం నడిపే కటింగప్పకు కూడా కావాలి. అతను నాకంటే బాగా నడిపేవాడు. ఈ సంగతి ఇప్పుడు ఒప్పుకుంటున్నాను, అప్పుడు మాత్రం నాకంటే గట్టిగా అరుస్తాడంతే అనుకునేదాన్ని.

నా అదృష్టం ఎండ రూపంలో వచ్చింది. భాయ్ ఇల్లు రేకుల కప్పు. ఏప్రిల్ చివరికి వచ్చేసరికి ఆ ఇంట్లో రెండు బ్యాటరీలు పూరీల్లా పొంగి పనికిరాకుండా పోయాయి. మిగిలినవి రెండే. వాటిని పందెం దాకా నెలన్నర పాటు చల్లని చోట దాచాలి. అత్తది మట్టి మిద్దె, పైన మట్టి, కింద బండలు. నడి వేసవిలోనూ ఆ ఇంటి కొట్టుగదిలో ఊరగాయ జాడీలు చల్లగా ఉంటాయి. "మా ఇంట్లో పెట్టుకుందాం భాయ్" అన్నాను. భాయ్ కాసేపు ఆలోచించి, "సరే చెల్లీ. బ్యాటరీని చూసుకున్నోళ్లే బండిని చూసుకోగలరు. ప్రతి శనివారం సాయంత్రం వచ్చి మీటరు పెట్టి చూస్తా. పందెం నాటికి సరిగ్గా ఉంటే రిమోట్ నీదే" అన్నాడు. కటింగప్ప ముఖం చూడాల్సింది.

భాయ్ ఒక మట్టికుండ, జల్లించిన ఇసుక, రెండు బ్యాటరీలు, చార్జరు పట్టుకుని ఇంటికొచ్చాడు. కుండ అడుగున ఇసుక పోసి, దాని మీద బ్యాటరీలు పెడుతుంటే అత్త తొంగి చూసింది.

"ఏముండాదప్పా దాంట్లో?"

"కరెంటు ఉండాదక్కా."

"కరెంటును కుండలో పెట్టుకుంటారా?"

"ఇసుకుంటే మంచిదక్కా. ఎప్పుడన్నా అలిగి మండినా కుండలోనే మండి సల్లారుతాది."

"ఈ ఇంట్లో అలిగేటోళ్లు ఉండనే ఉండారు, దీంతో ఇంకొకరు" అంది అత్త, నా వైపు చూస్తూ. భాయ్ నాకు చార్జరు నేర్పించాడు. బొత్తాం నొక్కి పట్టుకుంటే కూతేస్తుంది, ఎర్రదీపం వెలుగుతుంది, నిండితే పచ్చదీపం. సగానికి రాగానే మనమే మీటరు చూసి ఆపెయ్యాలి. చార్జరుకు నింపడమే వచ్చు, దించడం రాదు. ఎక్కువైందంటే దించడానికి వైర్లు కట్టిన ఆటో హెడ్‌లైటు బల్బు ఒకటి, తన మీటరు లాంటిదే ఇంకోటి ఇచ్చాడు. "సగమే ఉండాలక్కా, నిండా పెట్టకూడదు" అని అత్తకూ ఒకసారి చెప్పాడు. అత్త "సరేప్పా" అంది. ఇంటికొచ్చిన చుట్టానికి సగం అన్నమే పెట్టమన్నట్టు ఆ కుండ వైపు చూసింది. ఆ చూపు అప్పుడే నేను పట్టుకోవాల్సింది.

ఆ రోజే సగానికి తెచ్చి దాచాను. మొదటి శనివారం భాయ్ వచ్చి మీటరు గుచ్చాడు. మీటరు అంటే బొటనవేలంత ఉంటుంది, గుచ్చగానే కీచుమని అరిచి అంకెలు చూపిస్తుంది. నాలుగు పాయింట్ రెండు. రెండు బ్యాటరీలూ నిండుగా ఉన్నాయి. భాయ్ నా వైపు చూశాడు. నేను మీటరు వైపు చూశాను. మీటరుకు చూసేందుకు ఎవరూ లేరు.

"నేను సగమే పెట్టినా భాయ్!"

"సగం నాకు తెల్దా చెల్లీ?"

మరుసటి రోజు మధ్యాహ్నం వసారాలో బల్బు కట్టి కరెంటు దించడం మొదలుపెట్టాను. నడినెత్తి సూర్యుడు, దాని కింద ఆటో బల్బు భగభగ. అత్త వచ్చి నిలబడింది. "పట్టపగలు దీపం పెట్టి ఎవురికి చూపిస్తాండావు పాపా?" కరెంటు దించుతున్నానని చెప్పాను. "ఎక్కినదాన్ని దించేదెందుకు?" అంది. నిండు బిందెడు నీళ్లు వీధిలో కుమ్మరించినట్టు బాధపడింది. లోపలికి పోయి చేటలో బియ్యం పోసుకొచ్చి ఆ బల్బు కింద కూర్చుని రాళ్లేరసాగింది. "ఎట్లాగూ వెలుగుతానే ఉండాది, దాన్ని ఊరికే పోనిచ్చేదెందుకు?"

రెండో శనివారం మళ్లీ నాలుగు పాయింట్ రెండు. మూడో శనివారమూ, ఆ తర్వాతవీ అంతే. వారం మధ్యలో నేను కుండ మూత తీసి చూస్తే సగమే ఉండేది, శనివారానికి నిండిపోయేది. నాకు తలప్రాణం తోకకొచ్చింది. ఇక ఉండబట్టలేక, "భాయ్, అది దానంతట అదే నిండుతాంది" అన్నాను. భాయ్ చాలాసేపు గడ్డం నిమురుకున్నాడు. "అరె, అదేమన్నా బావినా చెల్లీ, ఊరేదానికి?" అన్నాడు. ఈ మాట కటింగప్ప చెవిన పడింది. సోమవారం ఫ్యాక్టరీ అంతా తిరిగి చెప్పాడు: "వినినారాప్పా, మన సీమలో బావులే ఊరేది నిలిచిపోయినాయి, డ్రాయింగమ్మ ఇంట్లో బ్యాటరీలు ఊరుతాండాయంట!" లారీలకు బండలెక్కించేవాళ్లు కూడా నన్ను చూసి, "మేడమ్, మా మోటరు బావి దగ్గర ఒక కుండ పెట్టిపోండి" అనేవాళ్లు. మింగలేక కక్కలేక తిరిగాను. చివరికి భాయ్ నెమ్మదిగానే అన్నాడు. "పందెం ఈ ఆదివారమే. శనివారం సగముంటే నీకు, నిండుంటే రిమోట్ ఆయప్పకు. ఏమనుకోవద్దు చెల్లీ, ఉన్నవి ఈ రెండే. అవీ ఉబ్బితే మన బండి బండల్లో బండే."

ఆ శుక్రవారం కోత యంత్రం బ్లేడు పోయి మధ్యాహ్నమే మమ్మల్ని వదిలేశారు. ఇంటికొచ్చి చూస్తే వీధి తలుపు దగ్గరగా వేసుంది, అత్త అలికిడి లేదు. కొట్టుగదిలోంచి చిన్న గాలి చప్పుడు వస్తోంది. వెళ్లి చూశాను. అత్త పీట మీద కూర్చుని ఉంది. ఎదురుగా చార్జరు, దానికి ఎర్రదీపం, దానికి తగిలించిన భాయ్ బ్యాటరీ. పొయ్యి మీద పాలు పెట్టి చూసినట్టు దాన్నే చూస్తూ అత్త విసనకర్రతో బ్యాటరీకి విసురుతోంది.

"అత్తా! ఏం చేస్తాండావు?"

"అరవాకు పాపా, సెగ తగలగూడదని ఆయప్ప చెప్పలేదా, అందుకే విసురుతాండా." దొంగతనం బయటపడ్డ మనిషి ముఖం కాదు అది, పని మధ్యలో పిలిస్తే విసుక్కునే మనిషి ముఖం.

"సగమే పెట్టల్లని గదా భాయ్ చెప్పింది!"

"ఆయప్ప చెప్తాడు. మొగమాటం మనిషి. పరాయి ఇంటి గిన్నె మన ఇంటికొస్తే వట్టిగా తిరిగిస్తామా? పిడికెడు చక్కెరన్నా ఏసిస్తాం. ఆయప్ప శనివారం శనివారం వచ్చి మూత తీసి చూసుకోని పోతాండాడు. సగం చూసి ఏమనుకుంటాడు? వీళ్లింట్లో కరెంటుకు గూడా గతి ల్యాదనుకోడా?" అని విసనకర్ర చేతులు మార్చుకుంది. "నిండు కుండ తొణకదు పాపా. ఎగిరెగిరి పడేది సగం కుండే."

ఆ సామెత బ్యాటరీని ఉద్దేశించిందో నన్ను ఉద్దేశించిందో తేల్చుకోలేకపోయాను. నాకు కోపం రావాలి. ఇన్ని వారాల పరువు పోయింది, రిమోట్ చేజారబోతోంది. కానీ చెమటతో తడిసిన ఆ మెడ, తనకు ఒక్కనాడూ విసురుకోని విసనకర్ర బ్యాటరీకి విసురుతున్న ఆ చెయ్యి చూస్తే నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. పక్కన కూర్చుని, రేకుల ఇంట్లో పూరీల్లా పొంగిన బ్యాటరీల కథ మొదటి నుంచి చెప్పాను. దాచేటప్పుడు నిండుగా ఉంటే చచ్చిపోతాయని చెప్పాను. అత్త శ్రద్ధగా విని ఒకే ఒక్క ప్రశ్న వేసింది.

"మల్ల నిండా నింపేదెప్పుడు?"

"వాడబొయ్యే ముందు అత్తా."

"అంతేనా? ఈ మాట మొదుట్లోనే చెప్పింటే అయిపోయేది గదా!" అని విసనకర్ర కింద పెట్టింది.

ఆ సాయంత్రమంతా బల్బు వెలిగించి సగానికి దించాను (అత్త చింతపండు తెచ్చుకుని గింజలు తీసుకుంది). శనివారం భాయ్ వచ్చాడు. మూడు పాయింట్ ఎనిమిది, రెండూ. "ఇన్నాళ్లూ ఏమయింది?" అనడిగితే, "మీటరు సరిగ్గా చూడలేదు భాయ్, తప్పు నాదే" అన్నాను. అత్త పేరు చెప్పబుద్ధి కాలేదు. భాయ్ కారును అప్పగించి రిమోట్ నా చేతిలో పెట్టాడు. చార్జరు కారుతో పాటు ఆవరణకు తెమ్మన్నాడు. పందేనికి గంట ముందు అక్కడే నింపుకోవడం ఆయన నియమం. ఆయన వెళ్లగానే కారు చక్రాలకు కొత్త నట్లు కొనడానికి నేను బజారుకు పోయి, రెండు గంటలు తిరిగి, అక్కర్లేని నట్లు కూడా కొనుక్కొచ్చాను. పొద్దున్నే అత్త పెరుగన్నం క్యారియరు, గుడ్డలో చుట్టిన బ్యాటరీలు ఒకే సంచిలో సర్ది ఇచ్చింది. "పదిలంగా పో" అంది, అంతే.

కర్నూలు వాళ్లు నలుగురు, ఒకే రంగు టోపీలతో, తొలి బస్సుకే దిగారు. మేము చార్జరు తీసి ప్లగ్గు పెడితే ఎర్రదీపం లేదు, పచ్చదీపం లేదు. ఆ వైపంతా లైను పని, మధ్యాహ్నం దాకా కరెంటు రాదన్నాడు వాచ్‌మన్. వాళ్లు మాత్రం నిండా నింపుకుని వచ్చారు. మంచివాళ్లే, వాళ్ల బ్యాటరీ ఒకటి ఇస్తామన్నారు గానీ ఆ పిన్ను మా కారుకు ఎక్కదు. పందెం ఇరవై చుట్లు, మధ్యలో బ్యాటరీ మార్చకూడదు. సగం బ్యాటరీకి పది చుట్లు కూడా అనుమానమే. సగం భాయ్ ముఖం అంతగా వాడిపోవడం ఎప్పుడూ చూడలేదు. జీవితమంతా సగం సగం అని చెప్పిన మనిషి సగంతోనే ఓడిపోబోతున్నాడు. "ఎంతుందో చూద్దాం, ఉన్నకాడికి నడుపుదాం" అని గుడ్డ విప్పి మీటరు గుచ్చాడు. కీచుమంది. నాలుగు పాయింట్ రెండు. రెండోది కూడా అంతే.

కటింగప్పే, మొదటిసారి గౌరవంగా, "నువ్వే నింపినావా డ్రాయింగమ్మా?" అన్నాడు. నేను తలూపాను. నిజం చెబుతున్నాను, సిగ్గు లేకుండా తలూపాను. "కరెంటును నమ్మగలమా, ముందుచూపుండల్ల" అని కూడా అన్నాను. భాయ్ బ్యాటరీని తిప్పి నా కళ్ల ముందు పెట్టాడు. దాని నడిమధ్య పసుపు, పసుపు మీద గుండ్రంగా కుంకుమ బొట్టు.

"ఈ ముందుచూపు నీదేనా చెల్లీ?"

"మా అత్తది" అన్నాను. అందరూ బండలదిరేలా నవ్వారు, కర్నూలు వాళ్లతో సహా.

పందెం సంగతి క్లుప్తంగా చెప్పి తప్పించుకుంటాను. పది చుట్లు నేనే ముందున్నాను. ఆ పదో చుట్టులో, దారి పక్కనున్న కటింగప్ప ముఖం ఎలా ఉందో చూద్దామని ఒక్క క్షణం తలతిప్పాను. ఆ క్షణంలో మా కారు మలుపు తిరగకుండా తిన్నగా పోయి ఒక బండను కొట్టుకుంది. అది వంటగట్టు బండ, దాని కొలత గీసింది నేనే. ముందు చక్రం ఊడి దొర్లుకుంటూ కర్నూలు వాళ్ల కాళ్ల దగ్గర ఆగింది. భాయ్ వెళ్లి కారును బిడ్డలా ఎత్తుకుని, దుమ్ము దులిపి, అలవాటు కొద్దీ బ్యాటరీకి మీటరు గుచ్చాడు. చూసి, తల పట్టుకుని నవ్వుతూ కూర్చుండిపోయాడు. మూడు పాయింట్ ఎనిమిది. "శభాష్ చెల్లీ! దాచిపెట్టేదానికి సరిగ్గా వచ్చింది. బల్బు అక్కర్లేకుండా దించినావు!"

ఇంటికొచ్చి అత్తను నిలదీశాను, మాటిచ్చి తప్పావే అని. అత్త చేతులు కడుక్కుంటూ అంది: "యాడ తప్పినా? దాచేటప్పుడు సగమంటివి, వాడబొయ్యే ముందు నిండా అంటివి. పొద్దున్నే పందేనికి పొయ్యేదాన్ని దాచేదంటారా? పాప పందేనికి పోతాంటే సగం కడుపుతో పంపిస్తానా?" సగం భాయ్ పాఠం అందరికంటే బాగా వంటబట్టింది ఎవరికో అప్పుడు తెలిసింది. మరుసటి శనివారం భాయ్ మా పెరుగన్నం క్యారియరు తిరిగివ్వడానికి వచ్చాడు. మూడు గిన్నెల్లోనూ ఖర్జూరాలు, మూత పట్టనంతగా. అత్త క్యారియరు బరువు చూసి నాతో మెల్లగా అంది: "చూసినావా? ఆయప్పకూ తెలుసు."

ఇప్పుడు నేను కర్నూలులో ఉంటున్నాను. సొంత రిమోట్ కారుంది, మలుపు దగ్గర తల తిప్పే అలవాటు తగ్గింది. కొట్టుగదిలో కుండ, కుండలో ఇసుక, ఇసుక మీద బ్యాటరీలు, అన్నీ మూడు పాయింట్ ఎనిమిది. వాటి పక్కన చిన్న కుండలో ఇంకో బ్యాటరీ ఉంది. నేను కడప వదిలేటప్పుడు భాయ్ ఇచ్చాడు. "ఇది పాతకాలపు రకం చెల్లీ, లిథియం గాదు. నిండా నింపి పెట్టినా దీనికేం గాదు. అక్క వచ్చినప్పుడు పనికొస్తాది" అన్నాడు. అది నా కారును నడపలేదు, దేన్నీ నడపలేదు. అత్త ఏడాదికి రెండుసార్లు వస్తుంది. చెప్పులు విడిచి, నీళ్లు తాగి, నేరుగా కొట్టుగదిలోకి పోయి, "ఇంకా సగమేనా?" అంటూ చిన్న కుండ దించి, పీట వేసుకుని, బొత్తాం నొక్కి కూత వినిపించేదాకా పట్టుకుంటుంది. ఇప్పటికీ విసనకర్ర అడుగుతుంది. మీటరు జేబులో పెట్టుకుని, అన్నీ తెలుసనుకుని వసారాలో పట్టపగలు దీపం వెలిగించిన ఆ పాత డ్రాయింగమ్మను తలుచుకుంటే నాకు నవ్వొస్తుంది. ఆ ఎండాకాలమంతా ఆ పిల్ల అత్తను ఒక్కసారైనా "బాగా నింపినావత్తా" అనలేదు. ఇప్పుడు నేనంటాను. అత్త సిగ్గుపడి, పచ్చదీపం వెలిగాక బ్యాటరీ తీసి కుండలో పెడుతూ, "ఊరికే నిలబడకుంటే ఆ మూత అందియ్యి పాపా" అంటుంది.